‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ – ఒక పాత ఇంగ్లీషు మాట, దాని అర్థం, వాడుక

కాలేజీ ప్రవేశాల కాలం వచ్చిందంటే మన ఇళ్ళలో మార్కుల జాబితాలు, ఆదాయ ధ్రువపత్రాలు, ఫీజు రసీదులతో పాటు మరొక కాగితాల కట్ట కూడా వచ్చి చేరుతుంది. అది విద్యారుణం పత్రాల కట్ట. అందులో ప్రాంసరీ నోటు ఉంటుంది, ఒప్పందం ఉంటుంది, కొన్ని సందర్భాలలో జామీను పత్రం కూడా ఉంటుంది. వీటిలో దాదాపు ప్రతిదానిలోనూ ఒక మాట కనిపిస్తుంది. అదే ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’. సంతకాలు చేసేవారిలో నూటికి తొంభై మంది ఆ మాటను చదవరు. చదివినవారు కూడా ‘జాయింట్లీ’ అంటే కలిసి అని గ్రహించి, ‘సెవరల్లీ’ దగ్గర ఆగి, ఏదో వకీళ్ళ భాష అనుకుని ముందుకు సాగిపోతారు.

అయితే ఆ పత్రంలో అసలు బరువంతా ఆ రెండో మాట మీదే ఉంది. కాబట్టి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పటి ఇంగ్లీషులో దాని అర్థం ఎందుకు తెలియకుండా పోయింది, సంతకం చేసిన తల్లిదండ్రులకు, బంధువులకు, విద్యార్థికి దాని వల్ల ఏర్పడే బాధ్యత ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

మాట పుట్టుక

‘సెవరల్’ అనగానే మన పిల్లలకు తోచే అర్థం ‘కొన్ని’ లేదా ‘పలు’. సెవరల్ బుక్స్ అంటే కొన్ని పుస్తకాలు, సెవరల్ టైమ్స్ అంటే పలుమార్లు. బడిలో నేర్పేది ఇదే. ఇది తప్పు కాదు. అయితే ఇది ఆ మాటకు తరువాతి కాలంలో వచ్చిన అర్థం.

దీని మూలం లాటిన్ భాషలో వేరుచేయడం అనే అర్థమున్న ధాతువు. ‘సెపరేట్’ అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. అంటే ‘సెవరల్’, ‘సెపరేట్’ ఒకే తల్లి బిడ్డలు. మధ్యయుగపు లాటిన్ నుంచి, ఇంగ్లండులో న్యాయస్థానాలవారు వాడిన ఫ్రెంచి ద్వారా ఈ మాట ఇంగ్లీషులోకి ప్రవేశించింది. ఆ రోజుల్లో ‘సెవరల్’ అంటే ‘వేరైన’, ‘విడిగా ఉన్న’, ‘ఎవరికి వారిదైన’ అని అర్థం. దానికి క్రియావిశేషణ రూపమే ‘సెవరల్లీ’. అంటే ‘వేరువేరుగా’, ‘ఒక్కొక్కరుగా’, ‘ఎవరికి వారుగా’.

దీని చుట్టాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ‘సెవర్’ అంటే తెంచడం, వేరుచేయడం. కంపెనీ ఉద్యోగిని తొలగించినప్పుడు ఇచ్చే సొమ్మును ‘సెవరెన్స్ పే’ అంటారు. ఉద్యోగ సంబంధం తెగినందుకు ఇచ్చేది కనుక ఆ పేరు. యానాంలో ఫ్రెంచి చదువుకున్న కుటుంబాలవారికి ‘సెవ్రే’ అనే క్రియ తెలిసే ఉంటుంది. బిడ్డకు తల్లిపాలు మాన్పించడం అని దాని అర్థం. బిడ్డను తల్లిపాల నుంచి వేరుచేయడమే గదా! అది కూడా ఈ కుటుంబంలోని మాటే.

పాత పుస్తకాలలో వాడుక

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో ఈ పాత అర్థం స్పష్టంగా కనిపిస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతుల ఉపమానం ఉంది. యజమాని దూరదేశం వెళుతూ ఒక దాసునికి ఐదు, మరొకనికి రెండు, ఇంకొకనికి ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. ఎవని సామర్థ్యం కొద్దీ వానికి ఇచ్చాడని చెప్పే చోట ఆ ఇంగ్లీషు అనువాదంలో ‘సెవరల్’ అనే మాటను వాడారు. అక్కడ దానికి ‘కొన్ని’ అని అర్థం చెప్పుకుంటే వాక్యమే కుదరదు. ‘ఎవనిది వానిదైన’ అని చెప్పుకోవాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో ఆత్మ వరాలను ఒక్కొక్కరికీ పంచిపెట్టడం గురించి చెప్పేటప్పుడు ‘సెవరల్లీ’ అనే మాటే వచ్చింది. తరువాతి కాలపు ఇంగ్లీషు అనువాదాలలో ఈ చోట్ల ‘ఓన్’, ‘ఇండివిడ్యువల్లీ’ వంటి మాటలు పెట్టారు. పాత మాట చదువరులకు అర్థం కాకుండా పోయిందనడానికి ఇదే నిదర్శనం.

షేక్స్‌పియర్ నాటకాలలోనూ ఇదే వాడుక. పాత్రలు రంగం మీద నుంచి వేరువేరు దారుల్లో నిష్క్రమించాలని చెప్పేటప్పుడు ‘ఎక్సెయుంట్ సెవరల్లీ’ అని రంగసూచన ఇవ్వడం ఆనాటి నాటకాల ఆనవాయితీ. ‘జూలియస్ సీజర్’ నాటకంలో సీజర్ హత్య తరువాత జనం రెండుగా చీలి, ఒకరు బ్రూటస్ మాటలు, మరొకరు కాసియస్ మాటలు విని, ఆ తరువాత రెండింటినీ పోల్చి చూద్దామనుకుంటారు. విడివిడిగా వినడం అనే ఆ సందర్భంలో ‘సెవరల్లీ’ అనే మాట వస్తుంది. ఆ నాటకాన్ని పాఠ్యాంశంగా చదివే విద్యార్థులు మూడో అంకం రెండో రంగంలో ఈ చోటు వెతికి చూడవచ్చు.

1787 నాటి అమెరికా రాజ్యాంగంలో ‘సెవరల్ స్టేట్స్’ అని ఉంది. అంటే ‘కొన్ని రాష్ట్రాలు’ అని కాదు, ‘వేటికవి విడిగా ఉన్న రాష్ట్రాలు’ అని. అదే దేశంలో 1887లో ఆదివాసీ తెగల ఉమ్మడి భూములను విడగొట్టి ఒక్కొక్కరి పేర కేటాయించడానికి ఒక చట్టం చేశారు. ఉమ్మడి ఆస్తిని ఎవరికి వారుగా విడదీసిన చట్టం గనుక చరిత్ర పుస్తకాలలో దానిని ‘డావ్స్ సెవరల్టీ యాక్ట్’ అని పిలుస్తారు.

వేరువేరు వస్తువులు ఉన్నాయంటే ఒకటి కంటే ఎక్కువ ఉన్నట్లే గదా! ఆ విధంగా ‘వేరువేరు’ అనే అర్థం క్రమంగా ‘పలు’, ‘కొన్ని’ అనే అర్థం వైపు జరిగింది. రోజువారీ ఇంగ్లీషులో కొత్త అర్థమే నిలిచింది. న్యాయశాస్త్రంలో మాత్రం పాత అర్థం అలాగే ఉండిపోయింది. ఒకసారి కోర్టులు అర్థం తేల్చిన మాటను మార్చడానికి పత్రాలు రాసేవారు సాహసించరు. అందుకే నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట నేటికీ మన సంతకం పైన కూర్చుని ఉంది.

‘జాయింట్లీ’ ఉండగా ‘సెవరల్లీ’ ఎందుకు?

కలిసి బాధ్యులు అన్న తరువాత మళ్ళీ విడివిడిగా అనడం దేనికని అనుమానం రావడం సహజం. దీనికి కారణం పాత ఇంగ్లీషు న్యాయంలో ఉంది. అక్కడ అప్పు బాధ్యతను మూడు రకాలుగా చూసేవారు.

మొదటిది, కేవలం జాయింటు బాధ్యత. ఇద్దరు కలిసి ఒకే వాగ్దానం చేశారని లెక్క. ఇందులో అప్పు ఇచ్చినవారికి రెండు చిక్కులుండేవి. జాయింటు రుణగ్రస్తులలో ఒకరు మరణిస్తే ఆ బాధ్యత బతికి ఉన్నవారి మీదకు పోయేది, చనిపోయినవారి ఆస్తి తప్పించుకునేది. అంతేగాక ఒకరి మీద దావా వేసి తీర్పు పొందితే, ఆ తీర్పు సొమ్ము వసూలు కాకపోయినా రెండోవారి మీద మళ్ళీ దావాకు వీలుండేది కాదు. 1844 నాటి కింగ్ వర్సెస్ హోర్ కేసు, 1879లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన కెండాల్ వర్సెస్ హామిల్టన్ కేసు ఈ విషయంలో ప్రసిద్ధమైనవి.

రెండవది, కేవలం సెవరల్ బాధ్యత. ఇక్కడ ఎవరి వాగ్దానం వారిది. ఒకరి భాగంతో మరొకరికి సంబంధం లేదు. కొన్ని వాణిజ్య ఒప్పందాలలో ‘సెవరల్లీ అండ్ నాట్ జాయింట్లీ’ అని రాస్తారు. అంటే ఎవరి వాటా మేరకే వారు బాధ్యులు.

మూడవది, జాయింట్ అండ్ సెవరల్ బాధ్యత. అందరూ కలిసి ఒక వాగ్దానం చేశారు, దానికి తోడు ప్రతి ఒక్కరూ ఒంటరిగా కూడా అదే పూర్తి వాగ్దానం చేశారు. అప్పు ఇచ్చినవారు అందరి మీదా కలిపి రావచ్చు, ఒక్కరి మీదా రావచ్చు. ఒకరి మీద తీర్పు వచ్చినా, బాకీ తీరనంత వరకు మిగిలినవారు బయటపడరు. ఒకరు మరణించినా వారి ఆస్తికి బాధ్యత తప్పదు. పైన చెప్పిన రెండు చిక్కులూ ఇక్కడ లేవు కనుకనే బ్యాంకులు ఈ మూడో రకాన్ని ఎంచుకున్నాయి.

ఇక్కడ ఫ్రెంచి న్యాయభాషను కూడా గుర్తు చేసుకోవాలి. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్‌లో ఇటువంటి బాధ్యతకు ‘సొలిదేర్’ అనే మాట ఉంది. ‘మొత్తానికి’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి అది పుట్టింది. ఇంగ్లీషువారు ‘వేరువేరుగా’ అన్నచోట ఫ్రెంచివారు ‘మొత్తానికి’ అన్నారు. ఒక సామాన్యునికి ఈ రెండో మాటే విషయాన్ని సరిగా తెలియజేస్తుంది.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 43 ఇంకా సూటిగా చెబుతుంది. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది కలిసి వాగ్దానం చేసినప్పుడు, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, వారిలో ఏ ఒక్కరి చేతనైనా మొత్తం వాగ్దానాన్ని నెరవేర్పించుకోవచ్చు. అంటే ‘సెవరల్లీ’ అనే మాట లేకపోయినా మన చట్టం ప్రకారం ఫలితం దాదాపు అదే. ఇంగ్లండు నమూనాలో తయారైన పత్రాలు గనుక ఆ మాట అలాగే కొనసాగుతున్నది.

ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణలు కామర్స్ విద్యార్థులు తప్పక చూడదగినవి. ఎ, బి, సి అనే ముగ్గురు కలిసి డి అనే వ్యక్తికి రూ. 3,000 ఇస్తామని వాగ్దానం చేశారు. డి ఆ రూ. 3,000 మొత్తాన్ని ముగ్గురిలో ఎవరినైనా అడగవచ్చు. మనిషికి వెయ్యి చొప్పున మాత్రమే అడగాలనే నియమం లేదు.

ఇక సి దగ్గర మొత్తం వసూలు చేశారనుకుందాం. ఎ దివాలా తీశాడు, అతని ఆస్తి అప్పుల్లో సగానికే సరిపోతుంది. అప్పుడు ఎ వాటా అయిన రూ. 1,000లో రూ. 500 మాత్రమే అతని ఆస్తి నుంచి వస్తుంది. మిగిలిన రూ. 2,500 భారాన్ని బి, సి సమంగా మోయాలి. కాబట్టి సి కి బి నుంచి రూ. 1,250 వస్తుంది. సి చేతి నుంచి చివరికి పోయేది రూ. 1,250. ఒకవేళ సి ఏమీ ఇవ్వలేని స్థితిలో ఉండి, ఎ మొత్తం కట్టి ఉంటే, ఎ కి బి నుంచి రూ. 1,500 వస్తుంది.

దీనిని బట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. అప్పు ఇచ్చినవారి ముందు ప్రతి ఒక్కరూ పూర్తి మొత్తానికి బాధ్యులు. తమలో తాము మాత్రం వాటాలు సరిచూసుకునే హక్కు ఉంది. ‘తిలాపాపం తలా పిడికెడు’ అనే లెక్క సంతకం చేసినవారి మధ్యనే చెల్లుతుంది, బ్యాంకు ముందు చెల్లదు.

సెక్షన్ 44 కూడా గమనించదగినదే. జాయింటుగా వాగ్దానం చేసినవారిలో ఒకరిని అప్పు ఇచ్చినవారు విడిచిపెట్టినా మిగతావారు విముక్తులు కారు. ఇక జామీనుదారు విషయంలో సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే, అసలు రుణగ్రహీత బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యత అంత. ముందుగా రుణగ్రహీత నుంచి రాబట్టడానికి అన్ని ప్రయత్నాలూ చేసిన తరువాతే తన దగ్గరకు రావాలని జామీనుదారు పట్టుబట్టలేడని 1969లో రిపోర్టయిన బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

విద్యారుణంలో ఇది ఎలా పనిచేస్తుంది?

ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో రూపొందించిన నమూనా పథకం ఆధారంగా మన బ్యాంకులు విద్యారుణాలు ఇస్తున్నాయి. సాధారణంగా తల్లి గాని తండ్రి గాని సహ-రుణగ్రహీతగా సంతకం చేయాలి. రూ. 4 లక్షల వరకు వేరే హామీ అడగకుండా, రూ. 4 లక్షలు దాటి రూ. 7.5 లక్షల వరకు మూడో వ్యక్తి జామీనుతో, అంతకు పైన ఆస్తి తాకట్టుతో రుణం ఇవ్వడం ఆ పథకంలోని పద్ధతి. 2015లో ఏర్పడిన విద్యారుణాల క్రెడిట్ గ్యారంటీ నిధి కిందకు వచ్చే రూ. 7.5 లక్షల లోపు రుణాలకు ఆస్తి తాకట్టు గాని, మూడో వ్యక్తి జామీను గాని అడగరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో కూడా ఎంపిక చేసిన విద్యాసంస్థలలో సీటు పొందినవారికి తాకట్టు, జామీను లేకుండా రుణమిచ్చే ఏర్పాటు ఉంది. అయితే ఒక మాట. ఆ గ్యారంటీ బ్యాంకు నష్టాన్ని పూడ్చడానికి ఉద్దేశించినది. దానివల్ల సంతకం చేసినవారి బాకీ రద్దు కాదు.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థి రుణగ్రహీత, తండ్రి సహ-రుణగ్రహీత, మేనమామ జామీనుదారు. చదువు పూర్తయి, వాయిదాలు ఆగిపోయే నాటికి వడ్డీతో సహా రూ. 6 లక్షలు బాకీ ఉంది. చాలామంది మనస్సులో వేసుకునే లెక్క ‘మనిషికి రెండు లక్షలు’ అని. కాని బ్యాంకు ఆ రూ. 6 లక్షలను విద్యార్థిని అడగవచ్చు, తండ్రిని అడగవచ్చు, మేనమామను అడగవచ్చు, ముగ్గురినీ కలిపి కూడా అడగవచ్చు. అలాగని ముగ్గురి దగ్గరా ఆరేసి లక్షలు తీసుకోవడానికి వీల్లేదు. ఎవరు ఎంత కట్టినా మొత్తం వసూలు ఆ బాకీ మేరకే.

మేనమామ ఆ సొమ్ము కట్టాడనుకోండి. సెక్షన్ 140 ప్రకారం బ్యాంకుకు ఉన్న హక్కులు అతనికి సంక్రమిస్తాయి. సెక్షన్ 145 ప్రకారం తాను న్యాయంగా చెల్లించిన మొత్తాన్ని అసలు రుణగ్రహీత నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. జామీనుదారులు ఇద్దరుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, సెక్షన్ 146 ప్రకారం వారిద్దరి మధ్య భారం సమానం. చట్టంలో హక్కు ఉన్నా, మేనల్లుడి మీద దావా వేసే మేనమామలు ఎంతమంది ఉంటారు? ఆచరణలో ఆ సొమ్ము తిరిగి రాదు, రాకపోకలు కూడా ఆగిపోతాయి. బ్యాంకు ఉద్యోగంలో ఉండగా ఇటువంటివి చూసినవాణ్ణి గనుకనే ఈ మాట గురించి ఇంత వివరంగా రాయవలసి వస్తున్నది.

మరికొన్ని విషయాలు కూడా తెలుసుకోవాలి.

ఒకటి. ‘మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఇక నాకు సంబంధం లేదు’ అని తండ్రి అనుకోవడానికి వీల్లేదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తే తప్ప, లేక బాకీ పూర్తిగా తీరితే తప్ప ఆ సంతకం సజీవంగానే ఉంటుంది.

రెండు. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద పనిచేసే సంస్థల వద్ద రుణాల వివరాలు నమోదవుతాయి. వాయిదాలు తప్పితే విద్యార్థి రికార్డే కాక సహ-రుణగ్రహీత, జామీనుదారుల రికార్డు కూడా దెబ్బతింటుంది. రేపు తండ్రి ఇంటి రుణానికి వెళ్ళినా, చెల్లెలి చదువుకు మరో రుణం అడిగినా ఇది అడ్డు రావచ్చు.

మూడు. రుణం పాతబడుతున్నప్పుడు బ్యాంకు అప్పు ఒప్పుకోలు పత్రంపై సంతకం కోరుతుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 20 ప్రకారం, కలిసి ఒప్పందం చేసుకున్నవారిలో ఒకరు ఒప్పుకోలు రాసి ఇచ్చినంత మాత్రాన మిగతావారు బాధ్యులు కారు. అందుకనే బ్యాంకువారు కొడుకు సంతకంతో సరిపెట్టుకోకుండా తండ్రిని కూడా పిలిపిస్తారు. ఆ పత్రం ఏమిటో తెలుసుకుని సంతకం చేయాలి.

అనువాదంలో ఉన్న చిక్కు

ఈ మాటను తెలుగు పత్రాలలో ‘ఉమ్మడిగాను, విడివిడిగాను’ అని రాస్తారు. కన్నడంలో ‘జంటియాగి మత్తు ప్రత్యేకవాగి’ అని, తమిళంలో ‘కూట్టాగవుం తనిత్తనియాగవుం’ అని ఉంటుంది. మాటకు మాట సరిగానే ఉంది. కాని ‘విడివిడిగా’ అని చదివిన తల్లిదండ్రులకు ఏమనిపిస్తుంది? భోజనానికి వెళ్ళి ‘విడివిడిగా బిల్లు ఇవ్వండి’ అన్నట్లు, ఎవరి వాటా వారు కట్టుకోవచ్చని అనిపిస్తుంది. అసలు అర్థానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇంగ్లీషు రానివారు మాట తెలియక పొరబడితే, అనువాదం చదివినవారు మాట తెలిసి పొరబడుతున్నారు.

అందువల్ల పిల్లలు ఇంట్లో పెద్దలకు చెప్పేటప్పుడు ‘విడివిడిగా’ అని ఊరుకోకుండా ఇలా చెప్పాలి: “అందరం కలిసి పూచీ పడుతున్నాం. మిగతావారు కట్టకపోతే, మనలో ఏ ఒక్కరైనా మొత్తం కట్టాలి.” ఇంతకంటే పొడవైన వివరణ అక్కరలేదు.

హక్కునిచ్చే చోట ‘సెవరల్లీ’

ఈ మాట ఎప్పుడూ బరువునే మోపుతుందని అనుకోరాదు. అప్పుల పత్రంలో బాధ్యతనిచ్చే మాటే అధికార పత్రంలో సౌకర్యాన్నిస్తుంది.

ఒక సంఘం బ్యాంకు ఖాతాను అధ్యక్షుడు, కోశాధికారి ‘జాయింట్లీ’ నడపాలని తీర్మానం ఉంటే, ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ‘సెవరల్లీ’ అని ఉంటే ఇద్దరిలో ఎవరి ఒక్క సంతకమైనా చాలు. పవర్ ఆఫ్ అటార్నీ ఇద్దరికి ఇచ్చేటప్పుడు కూడా ఇదే సూత్రం. విదేశంలో చదివే విద్యార్థి ఇక్కడి పనుల కోసం తల్లికి, అన్నకు కలిపి అధికారం ఇస్తూ ‘జాయింట్లీ’ అని మాత్రమే రాస్తే, ఒకరు ఊళ్ళో లేనప్పుడు పని ఆగిపోతుంది. ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అని రాస్తే ఇద్దరూ కలిసి గాని, ఒక్కరే గాని పని చేయవచ్చు. అంత స్వేచ్ఛ ఇవ్వదగునా లేదా అన్నది ఆ కుటుంబం ఆలోచించుకోవలసిన విషయం. సంఘాల సొమ్ము విషయంలో జాయింటు సంతకాలే క్షేమం.

వ్యాపార కుటుంబాల పిల్లలు మరొక చోటు గుర్తుంచుకోవాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్ 25 ప్రకారం, తాను భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన పనులన్నింటికీ ప్రతి భాగస్వామి మిగతావారితో కలిసి జాయింటుగానూ, విడిగా సెవరల్‌గానూ బాధ్యుడు. లాభంలో పావలా వాటా ఉన్నవాడు కూడా సంస్థ బాకీకి పూర్తిగా బాధ్యుడే. అందుకే పెద్దమనిషి తరహాగా ‘పేరుకు భాగస్వామిగా ఉండు’ అని ఎవరైనా అడిగితే తొందరపడి ఒప్పుకోరాదు.

విద్యార్థులకు వాడుక సూచనలు

వ్యాకరణరీత్యా ‘సెవరల్లీ’ క్రియావిశేషణం. పని ఎలా జరిగిందో చెబుతుంది. ‘ది విట్‌నెసెస్ వర్ ఎగ్జామిన్డ్ సెవరల్లీ’ అంటే సాక్షులను ఒక్కొక్కరినీ విడిగా విచారించారని అర్థం, పలుమార్లు విచారించారని కాదు. పోటీ పరీక్షలలో అర్థం అడిగితే ‘సెపరేట్లీ’, ‘ఇండివిడ్యువల్లీ’ అనేవి సరైన సమానార్థకాలు. ‘జాయింట్లీ’, ‘కలెక్టివ్లీ’ వ్యతిరేకార్థకాలు.

‘సివియర్లీ’ అనే మాటతో దీనిని కలగాపులగం చేయరాదు. అది ‘తీవ్రంగా’ అనే అర్థమున్న వేరే మాట. పలకడంలోనూ, అక్షరక్రమంలోనూ దగ్గరగా ఉండటం వల్ల పిల్లలు పొరబడుతుంటారు. అలాగే ‘రెస్పెక్టివ్లీ’ వేరు. అది ‘చెప్పిన వరుసలో’ అనే అర్థాన్నిస్తుంది. రాము, సోము వరుసగా మొదటి, రెండవ బహుమతులు పొందారనడానికి ‘రెస్పెక్టివ్లీ’ వాడాలి గాని ‘సెవరల్లీ’ కాదు.

మామూలు ఉత్తరాలలో, వ్యాసాలలో ఈ మాట వాడనక్కరలేదు. ‘సెపరేట్లీ’ అంటే అందరికీ తెలుస్తుంది. పాత మాటలు వాడితే ఇంగ్లీషు బాగా వచ్చినట్లు కాదు. వాటిని చదివి అర్థం చేసుకోగలగడమే అవసరం.

సంతకానికి ముందు

చివరగా తల్లిదండ్రులకు కొన్ని సూచనలు.

1. పత్రంలో మీ హోదా ఏమిటో అడగండి. సహ-రుణగ్రహీతా, జామీనుదారా, లేక సాక్షి మాత్రమేనా? సాక్షి సంతకం అప్పుకు పూచీ కాదు. మిగతా రెండూ పూచీలే.

2. ఖాళీలు ఉన్న పత్రం మీద సంతకం చేయకండి. మొత్తం, వడ్డీ రేటు, తేదీ నింపిన తరువాతే చేయండి. ఒక నకలు అడిగి తీసుకుని భద్రపరచండి.

3. బంధువును జామీను అడిగేటప్పుడు ‘ఊరికే ఒక సంతకం’ అనకండి. మొత్తం బాకీకి బాధ్యత ఉంటుందని ముందే చెప్పండి. తెలిసి కాదన్నవారితో చుట్టరికం నిలుస్తుంది, తెలియక సంతకం చేసినవారితో నిలవడం కష్టం.

4. చదువు కాలంలోనూ, ఆ తరువాత సాధారణంగా ఇచ్చే ఒక సంవత్సరం విరామంలోనూ వడ్డీ లెక్కకు చేరుతూనే ఉంటుంది. వడ్డీ రాయితీ పథకం వర్తించని పక్షంలో, వీలైతే ఆ వడ్డీని అప్పుడప్పుడే కట్టడం మంచిది.

5. విద్యార్థి చిరునామా గాని, ఫోను నెంబరు గాని మారితే బ్యాంకుకు తెలపండి. ఉద్యోగం రావడం ఆలస్యమైతే వాయిదా తప్పకముందే శాఖకు వెళ్ళి, గడువు సర్దుబాటుకు వీలుందేమో అడగండి. నోటీసు వచ్చాక వెళ్ళడం కంటే ఇది ఎంతో నయం.

ఇదంతా విద్యారుణం తీసుకోవద్దని చెప్పడానికి కాదు. ఆస్తిపాస్తులు లేని కుటుంబాల పిల్లలు ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు వంటి చదువులు చదువుతున్నారంటే, అందులో ఈ సంతకాల పాత్ర ఎంతో ఉంది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని తండ్రి తన మాటనే తాకట్టు పెడుతున్నాడు. ‘సెవరల్లీ’ అంటే అదే. మిగతావారు నిలబడినా, నిలబడకపోయినా నేను ఒక్కణ్ణే నిలబడతాను అని ఆయన రాసి ఇస్తున్నాడు.

విద్యార్థులారా! మీ చదువు పత్రాలలో మీ పేరు కింద అమ్మ, నాన్న, మామయ్య పెట్టిన సంతకాలు ఉన్నాయి. వారి పింఛను, వారి పొలం, వారి పరపతి ఆ ఒక్క మాటకు కట్టుబడి ఉన్నాయి. మొదటి జీతం అందిన నెల నుంచే వాయిదా కట్టడం మొదలుపెట్టండి. బాకీ పూర్తిగా తీరిన రోజున బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకుని, దాని నకళ్ళు సంతకం చేసిన ప్రతి ఒక్కరి చేతిలోనూ పెట్టండి.